అక్వేరియం దుకాణంలో కొన్న హెర్మిట్ క్రాబ్ ఏ జాతిదో ఎలా గుర్తించాలి?

మీ ప్రశ్న ప్రకారం, హైదరాబాద్‌లోని ఒక అక్వేరియం దుకాణంలో 'పర్పుల్ పించర్' అని చెప్పి అమ్మిన ఈ హెర్మిట్ క్రాబ్ (ఖాళీ నత్తగుల్లలో తలదాచుకునే పీత) గోధుమరంగులో ఉంది, దాని ఎడమ డెక్క పెద్దది, నెల రోజులుగా నీటి బయటే చురుగ్గా తిరుగుతోంది. ఈ వివరాలతోనే ఇది నేలమీద బతికే హెర్మిట్ క్రాబ్‌ల ప్రజాతి అయిన సీనోబైటాకు చెందినదని చెప్పవచ్చు. జాతి పేరు చెప్పడానికి మాత్రం మీరు పెట్టిన ఫొటో చాలదు, ఎందుకంటే అందులో రంగు వేసిన గుల్లే స్పష్టంగా ఉంది. గుల్ల ఏదో నత్త వదిలినది కాబట్టి లోపలి జీవి గురించి అది ఏమీ చెప్పదు.

మల్కాజిగిరిలోని మా ఇంట్లో కొన్నేళ్ళుగా వీటిని పెంచుతున్నాను. నగరంలో దుకాణదారులు చెప్పే పేర్లను నేను లెక్కలోకి తీసుకోను. పర్పుల్ పించర్ అంటే సీనోబైటా క్లైపియేటస్. అది ఫ్లోరిడా, కరీబియన్ తీరాలకు చెందినది. అమెరికా పెంపుడు జంతువుల వ్యాపారంలో బాగా ప్రచారమైన ఆ పేరును ఇక్కడ ఊదా ఛాయ ఉన్న ప్రతి పీతకూ తగిలిస్తున్నారు. ఇక్కడ అమ్మేవి హిందూ మహాసముద్ర జాతులు అయ్యే అవకాశమే ఎక్కువ.

వర్గీకరణ విషయానికొస్తే, ఇవి దశపాదుల క్రమంలో అనోమురా విభాగానికి చెందినవి. మనం తినే పీతలు బ్రాకియూరా విభాగానివి. వాటికి డెక్కలు కాక నాలుగు జతల కాళ్ళు బయటికి కనిపిస్తాయి. హెర్మిట్ క్రాబ్‌కు నడిచే కాళ్ళు రెండు జతలే కనిపిస్తాయి, చిన్నవైన చివరి రెండు జతలు గుల్ల లోపల ఉంటాయి. తరువాత కుటుంబం చూడాలి. పాగురిడే కుటుంబంలో సాధారణంగా కుడి డెక్క పెద్దది. సముద్రంలో ఉండే డయోజెనిడే కుటుంబంలో చాలావాటికి ఎడమది పెద్దది, కానీ అదే కుటుంబంలోని క్లిబనేరియస్ ప్రజాతిలో రెండూ దాదాపు సమానం. నేలమీద బతికే సీనోబిటిడే కుటుంబానికీ ఎడమదే పెద్దది కాబట్టి డెక్క ఒక్కటే చూస్తే డయోజెనిడేతో పొరబడే ప్రమాదం ఉంది. అందుకే నేను లోపలి జత మీసాల కొనలు చూస్తాను: సీనోబిటిడేలో అవి సన్నగా సాగకుండా పుల్ల విరిచినట్టు మొద్దుగా ముగుస్తాయి. ఈ కుటుంబంలో ఉన్నవి రెండే ప్రజాతులు, సీనోబైటా, బిర్గస్. రెండోది కొబ్బరి పీత. పెద్దయ్యాక అది గుల్ల మోయదు.

అసలు కష్టం జాతి దగ్గర మొదలవుతుంది. రంగును నమ్మవద్దు. తూర్పు ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల వరకు కనిపించే సీనోబైటా రూగోసస్ తెలుపు, గోధుమ, నీలం, లేత గులాబీ రంగుల్లో ఏదైనా కావచ్చు. దాని ఎడమ డెక్క బయటి ముఖం పైభాగంలో కుట్లు వేసినట్టు ఏటవాలు గట్లు వరుసగా ఉంటాయి. మీ పీతలో అవి ఉంటే దీన్నే ముందుగా పరిశీలించండి. అదే ప్రజాతిలోని మరో జాతి పెర్లేటస్‌లోనూ అలాంటి గట్లు ఉంటాయి కానీ, ఎదిగిన పీత ఎర్రటి ఒంటిమీద తెల్లని గింజల్లాంటి బుడిపెలు దాన్ని వేరు చేస్తాయి. గట్లు లేకుండా డెక్క నున్నగా, గుండ్రంగా ఉంటే సీనోబైటా బ్రెవిమానస్‌ వైపు చూడాలి. మగవాటిలో చివరి కాళ్ళ మొదట్లో ఉండే గొట్టంలాంటి భాగం జాతిని బట్టి మారుతుంది, నిపుణులు దాన్ని కూడా చూస్తారు. అయితే దాని కోసం పీతను గుల్లలోంచి లాగవద్దు. తోక చివరి కొక్కేలతో అది గుల్ల నడిమి స్తంభాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, వదలడం కన్నా ఒళ్ళు తెగడమే జరుగుతుంది.

నాకు బాగా ఉపయోగపడినది పీత ఎదిగేటప్పుడు విడిచే ఒంటి పైపొర. ఇసుకలో దూరి పొర విడిచిన పీత కాల్షియం కోసం దాన్ని తినేస్తుంది, కానీ పైకి వచ్చాక పెద్ద డెక్క పొర మిగిలి ఉండటం చాలాసార్లు చూశాను. కోఠీలో కొన్న భూతద్దంతో చూస్తే దాని మీద గట్లు స్పష్టంగా తెలుస్తాయి. ఫొటో తీశాక పొరను తిరిగి తొట్టిలోనే వేయండి, మిగతాది కూడా తింటుంది. దాని కోసం ఇసుక మాత్రం తవ్వవద్దు.

జాతిని నిపుణులతో చెప్పించుకోవాలంటే, అత్తాపూర్‌లోని జూలాజికల్ సర్వే కేంద్రం మంచినీటి జీవులకు సంబంధించినది, ఆ సంస్థ సముద్ర జీవుల కేంద్రం చెన్నైలో ఉంది. చెన్నై కేంద్రానికి రాయదలచుకుంటే ఎడమ డెక్క బయటి ముఖం, కళ్ళు, మీసాల కొనలు, ఎడమ నడక కాళ్ళు కనిపించేలా పగటి వెలుతురులో తీసిన ఫొటోలు జతచేయండి. వాటినే ఇక్కడ కూడా పెడితే రూగోసస్ అవునో కాదో నేను చూసి చెప్పగలను.