క్రిస్మస్ అప్పు జూన్‌లో తీరింది... జూలై నుంచి ఏం చేయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. మా వారి జీతం 38,000. ఇద్దరు పిల్లలు. ఏటా క్రిస్మస్‌కు తెనాలి దగ్గర మా అత్తగారి ఊరు వెళతాం. నిరుడు 46,000 ఖర్చయింది. అందులో 30,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. జనవరి నుంచి నెలకు 5,000 అసలు, దానిపైన వడ్డీ కడుతూ జూన్‌లో తీర్చేశాం. ఈసారి అప్పు లేకుండా పండగ చేసుకోవాలని ఉంది. పక్కింటివారు క్రిస్మస్ చీటీలో చేరమంటున్నారు. చేరవచ్చా? ఖర్చుల లెక్క కూడా పంపుతున్నాను.

జవాబు: అమ్మా, ఆరు నెలల్లో మీరు కట్టిన వడ్డీ 3,150 రూపాయలు. జనవరిలో పిల్లల మూడో టర్మ్ ఫీజు కడుతూ కూడా ఒక్క వాయిదా తప్పలేదంటే నాకు నిజంగా గౌరవం కలిగింది. నెలకు 5,000 పక్కన పెట్టగలరని మీరే రుజువు చేశారు. ఆ వాయిదాను ఆపకండి. ఇన్నాళ్లూ పండగ అయిపోయాక కట్టారు, ఇప్పుడు పండగకు ముందే కట్టండి. జూలై నుంచి నవంబరు దాకా ఐదు నెలలకు 25,000. డిసెంబరు జీతంలో 8,000 తీస్తే మొత్తం 33,000.

ఆ డబ్బు చీటీలో మాత్రం వేయకండి. అది పాట పాడే చీటీ కూడా కాదు. వారం వారం డబ్బిచ్చి డిసెంబరులో సరుకులు తీసుకోవడం, అంతే. నడిపేవారు మంచివారే కావచ్చు, కానీ వారికి కష్టం వస్తే మీ డబ్బుకు పూచీ ఎవరు? డిసెంబరు మొదటి వారంలో తాళం వేసిన ఇంటి ముందు చీటీ పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లను చూశాను. వారిలో ఒకావిడ చంకలో పిల్లవాడు, చేతిలో ఖాళీ గోనెసంచి. ఆ దృశ్యం ఇప్పటికీ మరచిపోలేదు.

ఐదు నెలలకు బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ (నెలనెలా కొంత కట్టే పొదుపు) సాధారణంగా కుదరదు, కనీసం ఆరు నెలలు అడుగుతారు. పోస్టాఫీసుదైతే ఐదేళ్లది. అందుకే ఈ ఏడాదికి మీ పేరున వేరే సేవింగ్స్ ఖాతా చాలు. దాన్ని ఫోన్‌పే, గూగుల్‌పేలకు కలపకండి. వచ్చే జనవరిలో, మీ బ్యాంకు ఒప్పుకుంటే, నెలకు 3,000 చొప్పున 11 నెలల డిపాజిట్ మొదలుపెడితే 33,000 చేతికొస్తుంది, వడ్డీ అదనం.

ఇక 46,000ను 33,000కు దించాలి. కానుకకు రాసుకున్న 5,000 ముట్టుకోవద్దు. అది దేవునికి ఇస్తామనుకున్న మాట. పిండివంటలు, బిర్యానీ, చుట్టాల భోజనాలకైన 9,000 కూడా అలాగే ఉంచండి. మీ లెక్కలో ‘బట్టలు – 16,000’ అని ఒకే వరుస ఉంది. అలా రాస్తే ఎక్కడ తగ్గించాలో తెలియదు. ఎవరెవరికో పేర్లు రాయండి, పక్కన ధర వేయండి. ఈ నెలలోనే ఆషాఢం తగ్గింపు ధరలుంటాయి కాబట్టి అత్తయ్యగారి చీర, మీ చీర, పాస్టరు గారి భార్యకు పెట్టే చీర జూలై 5,000లోనే కొనేయండి. పిల్లలవి మాత్రం నవంబరులోనే, వారు ఎదుగుతారు కదా. జాకెట్లు కూడా అప్పటికే కుట్టించండి, డిసెంబరులో టైలర్లు తీసుకోరు. ఇలా 11,500లో సరిపోతుంది.

ప్రైవేటు బస్సులకు 5,000 పోసింది ఆలస్యం వల్లే. రైలు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. డిసెంబరు 23 టికెట్లు అక్టోబరు 24న ఉదయం 8 గంటలకు తెరుస్తారు, తిరుగు ప్రయాణం 27న అయితే అక్టోబరు 28న. స్లీపర్‌లో నలుగురికీ రానుపోను సుమారు 2,000 అనుకోండి. స్టారు, కేకు, చిన్న బహుమతులకు 4,000 బదులు 3,500.

మిగిలింది ఊళ్లో ఇంటి రంగులు, 7,000. నిరుడే వేయించారు. ఈసారి ముందు గదికి, వాకిలి గోడకు వేయిస్తే 2,000 చాలు. ఈ సంగతి డిసెంబరులో చెబితే అత్తయ్యగారి మనసు కష్టపడుతుంది. ఆగస్టులోనే ఫోన్ చేయండి, అదీ మీ వారి చేత చేయించండి. కొడుకు నోట వింటే ఆవిడ వేరుగా తీసుకుంటారు.