అనంతపురం వాళ్ళకి సర్ఫింగ్ ఎందుకు అనకండి, గాలి ఎటు నుంచో చూడండి

అనంతపురంలో ఉండి సర్ఫింగో (అలల మీద బోర్డెక్కి జారడం), విండ్‌సర్ఫింగో (బోర్డుకి తెరచాప కట్టి గాలితో పోవడం) నేర్చుకోవాలంటే గాలి, అలలు బాగుండే చోటు ఎలా కనిపెట్టాలని అడిగారు. ఈ మాట మా ఆఫీసులో అంటే "తాగడానికే నీళ్ళు లేవు, సర్ఫింగా?" అని నవ్వుతారు. సముద్రమే లేని మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఇబాద్ అలీ 2023లో హాంగ్‌జౌ ఏషియాడ్‌లో విండ్‌సర్ఫింగ్ కాంస్యం తెచ్చాడు, ఆ సంగతి వీళ్ళకి చెప్పినా ఎక్కదు. అయినా గాలికి మనకేం తక్కువ? రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టారా? ఆషాఢంలో ఎదురుగాలికి స్కూటర్ ముందుకు కదలదు.

అసలు లోపం ఎక్కడంటే, అందరూ ఫోన్‌లో గాలి వేగం చూస్తారు, దిక్కు ఒక్కడూ చూడడు.

మా స్నేహితుడొకడు బెంగళూరులో సెకండ్‌హ్యాండ్ విండ్‌సర్ఫ్ బోర్డు, తెరచాప కొని ఒక ఆషాఢం ఆదివారం పక్కూరి చెరువుకి తెచ్చాడు. యాప్‌లో 14 నాట్లు, అంటే గంటకి దాదాపు 26 కిలోమీటర్లు. నీడ ఉందని పడమటి ఒడ్డున తుమ్మచెట్ల కింద దిగాడు. అక్కడేమో నీళ్ళు కదలడం లేదు, తెరచాప తడిగుడ్డలా వేలాడుతోంది. యాప్ అబద్ధమని తేల్చేశాడు. కానీ కాస్త దూరంలో నీళ్ళు నల్లబడి గరుగ్గా ఉన్నాయి, అక్కడక్కడ తెల్ల నురగ కూడా లేస్తోంది. పడమటి గాలి చెట్ల మీదుగా దాటి వచ్చి అక్కడ దిగుతోందన్నమాట. వీడు మెల్లగా అంతవరకూ పోయాడో లేదో, ఒక్క ఊపున తూర్పు కట్ట వైపు ఉరికింది బోర్డు. కాసేపు మహారాజే. తర్వాత పడ్డాడు, లేచి తెరచాప లాగితే మళ్ళీ కట్ట వైపే పోతుంది, ఎందుకంటే గాలికి ఎదురుగా వంకరటింకరగా మలుపులు తిప్పుకుంటూ వెనక్కి రావడం వాడికింకా రాదు. కట్ట రాళ్ళకి కొట్టుకుని వెనక్కొచ్చే అలలు ఒకవైపు, ఎండ ఒకవైపు. చివరికి చేపలు పట్టే పెద్దాయన పుట్టి వేసుకుని పోయి, బోర్డుకి తాడు కట్టి లాక్కొచ్చాడు. దారంతా ఒకటే ప్రశ్న: "తెడ్డు యాడ పెట్టినావు నాయనా?"

అందుకే మీరు చెరువు చూసుకునేటప్పుడు గాలి ఒడ్డు వెంబడి పక్కగా వీచే చోటు చూసుకోండి, లేదా కొంచెం ఒడ్డు మీదికి తోసే చోటు. అప్పుడు పడ్డా ఒడ్డుకే చేరతారు. గండికోట దగ్గర దిగుదామా అని ఫొటోలు చూసి అడిగేవాళ్ళు చాలామంది. ఫొటోకి బాగుంటుంది సరే, రాతిగోడల మధ్య గాలి ఏ క్షణాన ఎటు తిరుగుతుందో చెప్పలేం. వెడల్పుగా, చుట్టూ బయలుగా ఉన్న నీళ్ళే మేలు. జలాశయమైతే ఇరిగేషన్ వాళ్ళని అడక్కుండా, లైఫ్ జాకెట్ లేకుండా దిగొద్దు. ఈత వచ్చు కదా అనే మొండివాళ్ళతో నాకు మహా చిరాకు.

సర్ఫింగ్‌కి మాత్రం చెరువు పనికిరాదు, సముద్రానికి పోవాల్సిందే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అయితే చెన్నై దగ్గర కోవళం, అదీ పొద్దున్నే. మా వాణ్ణి ముప్పుతిప్పలు పెట్టిన గాలి లాంటిదే, నేల మీది నుంచి వీచే పడమటి గాలి, అక్కడ అలకి ఎదురుగా తగిలి దాన్ని తొందరగా విరగనీయకుండా నిలబెడుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యిందంటే అలలు చిందరవందర, ఇక టీ తాగి రూముకి పోవడమే. అల ఎత్తు ఒక్కటే చూసి బస్సెక్కకండి, అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. 10 పైన ఉంటే దూరం నుంచి వచ్చిన మంచి అల. 5, 6 అంటే దగ్గర్లో గాలి రేపిన గలాటా. ఈ లెక్కలన్నీ హైదరాబాద్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మత్స్యకారుల కోసం ఉచితంగా ఇస్తుంది, మనవాళ్ళు మాత్రం డబ్బు కట్టి విదేశీ యాప్‌లే చూస్తారు.

మంగళూరు దగ్గర ముల్కి కూడా మంచిదే, బెంగళూరు మీదుగా పోవచ్చు. కానీ వానాకాలంలో ఆ వైపు సముద్రం జోలికి పోవద్దు. వానలు వెనక్కి తగ్గాక, నవంబర్ తర్వాత పెట్టుకోండి. కొత్తవాళ్ళకి అప్పుడు వచ్చే చిన్న అలలే చాలు.