జనవరి పది దాకా ఆగు అల్లుడూ

ఎడిసన్, న్యూజెర్సీ
నవంబర్ 29, 2009

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న థాంక్స్‌గివింగ్ రోజు ఫోన్ చేసి, "మావయ్యా, బాటిల్‌స్టార్ గెలాక్టికా సీరియల్ కొత్త సినిమా 'ద ప్లాన్' డిస్క్ షాపులో కనపడుతోంది. కొనేయనా, టీవీలో వచ్చేదాకా ఆగనా?" అని అడిగావు. ఇంటినిండా చుట్టాలు, అత్తయ్య వంటింట్లోంచి పిలుస్తోంది. "ఆగరా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాను. ఎందుకు ఆగాలో, ఆగేవాడు ఏమేం చూసుకోవాలో చెప్పలేదు. ఈ రోజు ఇల్లు ఖాళీ అయింది, తీరిగ్గా రాస్తున్నాను.

ముందు లెక్క చూడు. 'ద ప్లాన్' డిస్క్ అక్టోబర్ 27, మంగళవారం వచ్చింది. సైఫై ఛానల్లో జనవరి 10, ఆదివారం రాత్రి వేస్తున్నారు. మొత్తం 75 రోజుల తేడా. అందులో నెల పైనే అయిపోయింది. ఇంక మిగిలింది 42 రోజులు. మధ్యలో నీకు ఫైనల్ పరీక్షలు, తర్వాత సెలవులు. జనవరి 10 నాటికి నీ క్లాసులు కూడా మొదలవ్వవు. ఇంతకంటే అనువైన తేదీ దొరకదు.

అన్నిటికీ ఇలాగే ఆగమని నేను అనను. తేదీ చెప్పిన సినిమా కోసమే ఆగాలి. "ఎప్పుడో ఒకప్పుడు వేస్తార్లే" అని ఆగితే నెలలు గడిచిపోతాయి, మనకున్న ఆసక్తి కూడా పోతుంది. ఫ్యూచరామా కార్టూన్ సినిమాలు నాలుగూ చూడు. మొదటిదానికి డిస్క్ వచ్చాక టీవీకి నాలుగు నెలలు పట్టింది. నాలుగోది ఈ ఫిబ్రవరిలో డిస్క్‌గా వస్తే, టీవీలో పడేసరికి ఆగస్టు 30. అంటే ఆరు నెలలు. స్టార్‌గేట్ సినిమాలు రెండూ, 2008 మార్చిలో ఒకటి, జూలైలో ఒకటి, వచ్చిన వారమే డిస్క్ కొనుక్కుని చూశాను. దానికి నేనేమీ బాధపడటం లేదు. సీరియల్ పది సీజన్లు నడిచి 2007లో ఆగిపోయింది. మిగిలిపోయిన కథ ముగించడానికి తీసిన మొదటి సినిమా కోసం మళ్లీ ఏ తేదీ కోసమో కాచుకోవడం నావల్ల కాలేదు. రెండోదాని కోసమైతే నటుల్ని నిజంగా ఆర్కిటిక్ మంచు మీదికి తీసుకెళ్లి, అమెరికా నౌకాదళం సబ్‌మెరైన్ మంచు పగలగొట్టుకుని పైకి వస్తుంటే తీశారు. అది చూడాలన్న ఆత్రం ఇంకొకటి.

'ద ప్లాన్' సంగతి వేరు. ఎందుకంటే ఇది మనందరం కలిసి అడిగిన ప్రశ్నకు జవాబు. మొదటి సీజన్ నుంచీ టైటిల్స్‌లో సైలాన్లనే రోబోల గురించి వరసగా అక్షరాలు పడేవి కదా, మనుషులే వాళ్లను తయారు చేశారనీ, వాళ్లు తిరగబడ్డారనీ, చివర్లో వాళ్ల దగ్గర ఒక ప్లాన్ ఉందనీ. ఆ ప్లాన్ ఏమిట్రా అని నాలుగు సీజన్లు నువ్వూ నేనూ ఫోన్లో తలలు బాదుకున్నాం. మార్చి 20న సీరియల్ అయిపోయింది, ఆ ముక్క మాత్రం తేలలేదు. ఇప్పుడు అదే కథ సైలాన్ల వైపు నుంచి చెప్తున్నారు, అదీ గెలాక్టికా ఓడ కమాండర్ అడామా వేషం వేసిన ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ డైరెక్షన్‌లో. ఇలాంటిది అర్ధరాత్రి ల్యాప్‌టాప్‌లో ఒక్కడివే చూసేస్తే, చూశాక ఎవరితో మాట్లాడతావు? నేను ఇంకా చూడలేదు. నీ స్నేహితుల్లో సగం మంది చూడలేదు. ఆ ఆదివారం రాత్రి అయితే అందరం ఒకే సమయానికి ఒకే సీను దగ్గర ఉంటాం.

ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసింది. ఫ్యూచరామా మొదటి సినిమా డిస్క్ 2007 నవంబర్ 27న వచ్చింది. మీ మరదలికి అప్పుడు పన్నెండేళ్లు, ఆ కార్టూన్ అంటే ప్రాణం. "కొనొద్దు నాన్నా, కామెడీ సెంట్రల్లో వేస్తారట, అందరం కలిసి చూద్దాం" అని అదే అంది. సరే అన్నాను. డిసెంబర్లో ఆఫీసు స్నేహితుడింటికి భోజనానికి వెళ్తే వాళ్లు ఆ డిస్క్ పెట్టారు. లేచి రావాల్సింది. కూర్చుని చివరిదాకా చూసేశాను. ఇంటికొచ్చి చెప్పనూ లేదు.

2008 మార్చి 23, ఆదివారం. అది సోఫాలో నా పక్కన కాళ్లు ముడుచుకుని కూర్చుంది, ఒళ్లో స్టీలు గిన్నెనిండా పాప్‌కార్న్. అసలు గుట్టు బయటపడే సీను దగ్గరపడేసరికి నేను టీవీ వదిలేసి దాని ముఖం చూస్తున్నాను, ఎలా ఆశ్చర్యపోతుందో అని. అది గబుక్కున నావైపు తిరిగింది. నా ముఖం ఒక్క క్షణం చూసి, "నువ్వు ముందే చూసేశావు కదా నాన్నా?" అంది. గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. సినిమా అయిపోయేదాకా కూర్చుంది కానీ ఇంక ఒక్క గింజ ముట్టుకోలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగు నెలలు ఆగిన పిల్ల సరదా నేను పాడు చేశాను. ఆ గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడు ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. అందుకే ఈసారి డిస్క్ ఇంటికి రానివ్వలేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పనులు. అన్నిటికంటే ముందు మీ టీవీలో ఆ ఛానల్ వస్తుందో లేదో ఈ వారంలోనే చూసుకో. పోయినేడు మీరున్న అపార్ట్‌మెంట్‌లో కేబుల్ ఉండేది. కొత్త ఇంట్లో యాంటెనా, కన్వర్టర్ బాక్స్‌తో సరిపెట్టుకుంటున్నామన్నావు. జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కి మారాక యాంటెనాతో కూడా బొమ్మ అద్దంలా వస్తోంది, అది చూసి అన్నీ వస్తున్నాయనుకుంటాం. సైఫై గాలిలో వచ్చే ఛానల్ కాదు. కేబుల్ గానీ శాటిలైట్ డిష్ గానీ ఉండాలి. కేబుల్ ఉన్నా అన్నిటికంటే చవక ప్యాకేజీలో ఉండకపోవచ్చు. నేను ఇల్లు మారిన కొత్తలో ఇలాగే, సినిమా టైముకి అన్నం ప్లేటు పట్టుకుని టీవీ ముందు కూర్చుంటే, ఆ నంబరు దగ్గర ఈ ఛానల్ మీ ప్యాకేజీలో లేదని అక్షరాలు వచ్చాయి. ఆదివారం రాత్రి ఎవరికి ఫోన్ చేస్తాం? నీకు అలా జరగకూడదు. మీ ఇంట్లో రాకపోతే ఏ స్నేహితుడింట్లో వస్తుందో కనుక్కుని, ఇప్పుడే వాడి చెవిన వెయ్యి. గైడ్‌లో వెతికేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకో. ఈ జూలైలో వాళ్లు పేరు స్పెల్లింగ్ మార్చారు, ఇప్పుడందులో రెండు 'వై'లు ఉన్నాయి.

ప్రకటనల్లో టైము మా ఈస్టర్న్ లెక్కలో చెప్తారు. డల్లాస్‌లో మీకు గంట తక్కువ. ఎనిమిదికి మొదలయ్యేది తొమ్మిది అనుకుని సగం సినిమా పోగొట్టుకున్నవాళ్లను చూశాను. టీవీలో వచ్చేది రికార్డు చేసే డీవీఆర్ పెట్టె ఉంటే రికార్డింగ్ పెట్టు, మొదట్లో రెండు నిమిషాలు, చివర పది నిమిషాలు ఎక్కువ కలిపి పెట్టు. అది కరెంటు పోతేనో, ఫోన్ మోగితేనో పనికొచ్చేందుకు. "రికార్డ్ అవుతోంది కదా, రేపు చూద్దాం" అనుకుంటే మాత్రం ఇన్నాళ్లు ఆగిందంతా వృథా.

ఈ ఆరు వారాలూ ఊరికే కూర్చోకు. ఈ సినిమా సైలాన్ల మొదటి దాడి దగ్గర మొదలై రెండో సీజన్ చివరిదాకా జరిగిన కథనే మళ్లీ చెప్తుంది. మనం చూసిన సీన్లే అటువైపు నుంచి వస్తాయి. ఆ సీన్లు గుర్తులేకపోతే ఇందులో సగం అర్థం కాదు. అందుకని పరీక్షలయ్యాక 2003 నాటి మొదటి మినీ సిరీస్ మళ్లీ చూడు. ఆ తర్వాత ముప్పై మూడు నిమిషాలకోసారి సైలాన్లు వచ్చిపడే ఎపిసోడ్. మొదట్లో బతికున్నవాళ్ల సంఖ్య 50,298 అని పడుతుంది, చూడు, ఆ అంకె తగ్గుతూ వస్తుంటే గుండె ఆగినట్టుంటుంది. మొదటి సీజన్ ఆఖరి రెండు భాగాలు, రెండో సీజన్ ఆఖరి రెండు భాగాలు తప్పకుండా చూడు. మనిషి రూపంలో ఉండే సైలాన్ కావిల్ మొదటిసారి కనపడేది ఆ రెండో సీజన్ చివరే. కావిల్‌గా డీన్ స్టాక్‌వెల్ ఎలా మాట్లాడతాడో, ఎవరితో మాట్లాడుతున్నప్పుడు ఎలా నవ్వుతాడో ఈసారి జాగ్రత్తగా గమనించు. పాత సీజన్లు కొనక్కర్లేదు, మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో కార్డు ఉచితం. నీకోసం తీసి ఉంచమని ఆన్‌లైన్‌లో హోల్డ్ పెట్టు, సెలవుల్లో అందరూ తీసుకెళ్తారు కాబట్టి ఇవాళే పెట్టు.

చెవులు మూసుకోవడం అన్నిటికంటే కష్టమైన పని. డిస్క్ చూసేసిన రూమ్మేట్ చెడ్డవాడు కాదు, కానీ వాడి నోరు ఊరుకోదు. ముందే కూర్చోబెట్టి, "జనవరి 10 దాకా నా దగ్గర ఈ మాట ఎత్తకు" అని గట్టిగా చెప్పు. షాపులో డబ్బా వెనక రాసింది చదవకు. నేను వెనక్కి తిప్పింది నిమిషాలు చూడటానికే, పైన చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. 112 నిమిషాలు అని ఉంది.

ఆ అంకె గురించి నీకు నిజం చెప్పాలి. టీవీలో రెండు గంటలు ఇస్తే ప్రకటనలు పోను మిగిలేది దాదాపు తొంభై నిమిషాలు. అంటే ఇరవై నిమిషాలకు పైగా కత్తిరిస్తారు. టీవీకి పనికిరాని సీన్లు ఎలాగూ తీసేస్తారు. ఇదే సీరియల్ ఇంకో సినిమా 'రేజర్' అప్పుడూ అంతే, 2007 నవంబర్ 24న టీవీలో వేసి, పది రోజుల తర్వాత పొడుగు డిస్క్ తెచ్చారు. ఫ్యూచరామాకి ఈ బాధ లేదు. ఒక్కో సినిమా 88 నిమిషాలు, ఇరవై రెండేసి నిమిషాల నాలుగు ఎపిసోడ్లుగా తెగేలా ముందే రాసుకున్నారు. కానీ ఇది అలా కాదు. కాబట్టి టీవీలో చూసినదే మొత్తం సినిమా అనుకోకు. ఆ రాత్రి అందరితో చూడు. నచ్చితే తర్వాత డిస్క్ కొనుక్కుని, పోయిన సీన్లతో సహా మళ్లీ చూడు. నీకు ఇష్టమైన దానికి పాతిక డాలర్ల లోపు ఖర్చు పెట్టడం తప్పు కాదు. వాళ్లకూ అది కావాలి. ఫ్యూచరామా 2003లో ఆగిపోయాక, జనం పాత సీజన్ల డిస్క్‌లు కొని, రాత్రుళ్లు రీరన్‌లు చూడబట్టే కదా మళ్లీ లేచింది. ఈ జూన్‌లో ఏకంగా 26 కొత్త ఎపిసోడ్లు ప్రకటించారు.

ఎవరో డౌన్‌లోడ్ చేసి ఇస్తానన్నారని ఆ రోజు మాటల్లో అన్నావు. వద్దు. యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో దొరికితే నోటీసు వస్తుంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడివి, సినిమా కోసం మీ అమ్మకి టెన్షన్ పెట్టకు.

గెలాక్టికాకి ముందు జరిగిన కథ, 'కాప్రికా' సీరియల్ గురించి కూడా అడిగావు కదా. దాని మొదటి భాగం ఏప్రిల్ 21నే డిస్క్‌గా వచ్చింది, సీరియల్ మాత్రం జనవరి 22న మొదలవుతోంది. తొమ్మిది నెలల ఎడం. దాన్ని ఇప్పటిదాకా చూడకపోవడమే మంచిదైంది. మొదటి భాగం చూసి తొమ్మిది నెలలు కూర్చుంటే పేర్లు కూడా మర్చిపోతాం. జనవరి 22 శుక్రవారం, మొదటి భాగం చూసిన వారానికే రెండోది వస్తుంది. సీరియల్ చూడాల్సిన పద్ధతి అదే.

జనవరి 10 సాయంత్రం మీ అత్తయ్య పులిహోర చేస్తానంది. మీ మరదలు ఈసారి నా పక్కన కూర్చోవడానికి ఒప్పుకుంది, నేను చూడలేదని ఒట్టు పెట్టించుకుని మరీ. నువ్వు ఫోన్ ఛార్జింగ్ పెట్టుకో. సినిమా నడుస్తుండగా చెయ్యకు, ఎత్తను. మొదటి బ్రేక్ రాగానే నేనే చేస్తాను. రెండు రింగులకి ఎత్తు, బ్రేక్ మూడు నాలుగు నిమిషాలే ఉంటుంది.

పరీక్షలు బాగా రాయి.

మీ మావయ్య