ఆలుమగలు కలిసి ట్రక్ నడపాలంటే: అమెరికా పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు 52, మా ఆవిడకు 48. ఐటీ ఉద్యోగం పోయి ఏడాది కావస్తోంది. ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది. కలిసి లాంగ్ హాల్ (దూరప్రయాణాల) ట్రక్ నడపాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: స్కూలు ఫీజు కట్టకముందే ఇద్దరూ డాట్ (అమెరికా రవాణా శాఖ) మెడికల్ పరీక్ష చేయించుకోండి. బీపీ 140/90 లోపు ఉంటే సాధారణంగా రెండేళ్లకు సర్టిఫికెట్ ఇస్తారు, 159/99 వరకు ఉంటే ఏడాదికే. షుగర్ మాత్రలతో అదుపులో ఉంటే మామూలుగా ఇబ్బంది లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం మూడు నెలల గ్లూకోమీటర్ రికార్డు చూపించి, తమ డాక్టరు చేత విడిగా ఒక ఫారం నింపించుకోవాలి. గట్టిగా గురక పెట్టేవాళ్లను స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిఆగి ఆడే జబ్బు) పరీక్షకు పంపే అవకాశం ఉంది. యాభై దాటిన మనవాళ్లలో ఈ మూడూ తరచూ కనిపించేవే కాబట్టి ఈ మెట్టు దాటాకే డబ్బు ఖర్చుపెట్టండి.

తర్వాత పర్మిట్, అంటే ట్రక్ నేర్చుకోవడానికిచ్చే లైసెన్సు. జనరల్ నాలెడ్జ్, ఎయిర్ బ్రేకులు, కాంబినేషన్ వాహనాలు (ట్రైలర్ తగిలించిన బండ్లు) అని మూడు రాతపరీక్షలుంటాయి. ఒక్కో దాంట్లో 80 శాతం రావాలి. టెక్సాస్‌లో రాష్ట్ర నిబంధనల మీద ఇంకొకటి రాయాలి. పర్మిట్ చేతికొచ్చిన 14 రోజుల దాకా డ్రైవింగ్ పరీక్షకు కూర్చోనివ్వరు. 2022 ఫిబ్రవరి 7 నుంచి ఫెడరల్ ట్రైనింగ్ ప్రొవైడర్ రిజిస్ట్రీలో పేరున్న స్కూల్లో నేర్చుకుంటేనే క్లాస్ ఏ సీడీఎల్ (ట్రైలర్ ఉన్న పెద్ద ట్రక్ నడిపే లైసెన్సు) వస్తుంది. ఉద్యోగం పోయినవాళ్లకు ట్రైనింగ్ ఫీజు ఇచ్చే ఫెడరల్ పథకం ఉంది. దానికి మీ ఊరి వర్క్‌ఫోర్స్ సొల్యూషన్స్ ఆఫీసులో దరఖాస్తు చేయాలి, అదీ స్కూల్లో చేరకముందే. చేరాక అడిగితే కట్టిన ఫీజు తిరిగి రావడం కష్టం.

పరీక్షలో చాలామంది తడబడేది ఎయిర్ బ్రేక్ తనిఖీ దగ్గరే. ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి, పార్కింగ్ బ్రేకులు వదిలి, పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోవాలి. మొదట పడే ప్రెషర్ పోగా, ట్రైలర్ ఉన్న బండిలో ఆ నిమిషంలో 4 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కంటే ఎక్కువ తగ్గకూడదు. తర్వాత పెడల్ తొక్కుతూ వదులుతూ గాలి తగ్గిస్తే 55 పీఎస్ఐకి దిగేలోపే హెచ్చరిక మోగాలి. ఇంకా తగ్గిస్తే 20, 45 మధ్య బ్రేకు బటన్లు వాటంతటవే బయటికి తన్నుకురావాలి. చేతులు సరిగ్గా చేసినా, ఈ అంకెలు నోటితో చెప్పకపోతే ఫెయిల్ చేస్తారు. ఇద్దరూ ఒకరికొకరు అప్పజెప్పుకోండి.

ఆటోమేటిక్ బండిలో పరీక్ష ఇస్తే లైసెన్సు మీద మాన్యువల్ నడపరాదని వేస్తారు. పెద్ద కంపెనీల్లో ఇప్పుడు ఎక్కువ బండ్లు ఆటోమేటిక్కే, దానికి దిగులక్కర్లేదు.

ప్రశ్న: హెచ్-1బీ మీద ఉన్నాను. శని, ఆదివారాల్లో ట్రక్ నడపొచ్చా? (షార్లట్)

జవాబు: కూడదు. ఆ వీసా మీ యజమానికీ మీ ఉద్యోగానికీ కట్టుబడి ఉంటుంది. లైసెన్సు సంగతి అటుంచి, వీసా స్టేటస్సే పోతుంది.

ప్రశ్న: ఒకరు నడుపుతుంటే ఒకరు పడుకుంటే బండి ఆగకుండా వెళ్తుందంటున్నారు. మా వారు రాత్రి నడిపేటప్పుడు పక్కన కూర్చుని తోడుండొచ్చా? (అట్లాంటా)

జవాబు: కొంతవరకే ఉండొచ్చు. టీములు ఎక్కువగా నియమం తప్పేది ఇక్కడే. కదులుతున్న బండిలో స్లీపర్‌లో (సీట్ల వెనక ఉండే పడకలో) లేకుండా సీట్లో కూర్చుంటే ఆ సమయం మీ లాగ్‌లో (పని గంటల పద్దులో) డ్యూటీ కింద పడుతుంది. మినహాయింపు ఒక్కటే: వరసగా కనీసం ఏడు గంటలు స్లీపర్‌లో పడుకుంటే, దానికి వెంటనే ముందో వెనకో మూడు గంటల వరకు పక్కసీట్లో కూర్చున్నది విశ్రాంతిగానే లెక్క. అలా పది గంటలు పూర్తవుతాయి. అయిదు గంటలు కబుర్లాడి, ఆఫ్ డ్యూటీ అని నొక్కితే అది తప్పుడు లాగ్.

పది గంటల విశ్రాంతి తర్వాత ఒక్కొక్కరికీ 14 గంటల గడువు, అందులో 11 గంటల డ్రైవింగ్. పది గంటలకోసారి స్టీరింగ్ మార్చుకుంటే మీ వంతు 20 గంటలకోసారి వస్తుంది. అంటే ప్రతిసారీ నాలుగు గంటలు ముందుకు జరుగుతుంది, ఒంటికి రాత్రీ పగలూ తెలియదు. ఒకరికి మధ్యాహ్నం 12 నుంచి అర్ధరాత్రి, రెండోవారికి అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం అని ఖాయం చేసుకోవడం మేలు. సహజంగా తెల్లవారుజామున లేచేవాళ్లకు రెండో వంతు ఇవ్వండి.

ఇంకో పరిమితి, ఎనిమిది రోజుల్లో 70 గంటల డ్యూటీ. రోజుకు 11 గంటల డ్రైవింగూ తనిఖీలకో అరగంటా వేసుకుంటే ఆరు రోజులకే 69 అవుతుంది. అప్పుడు 34 గంటలు ఆగి మళ్లీ సున్నా నుంచి మొదలెట్టొచ్చు. ఇద్దరూ ఒకేసారి ఆగాలి, లేకపోతే బండి రెండుసార్లు నిలబడుతుంది.

వంతు మారినప్పుడు ఈఎల్‌డీలో (లాగ్ రాసే ఎలక్ట్రానిక్ పరికరంలో) డ్రైవరు పేరు మార్చడం మరిచిపోతే మైళ్లన్నీ దిగిపోయినవారి ఖాతాలో పడతాయి. ఇద్దరూ ఒప్పుకుంటే సరిచేసుకోవచ్చు, కానీ ఆ రోజే చేయండి.

నిద్ర విషయానికొస్తే, బండి కదిలేటప్పుడు పడుకున్నవాళ్లు స్లీపర్ నెట్ కట్టుకోవాల్సిందే. వాళ్ల నిద్ర నడిపేవాళ్ల పాదంలో ఉంటుంది. ముందు వెళ్లే బండికి, మీ బండి పొడవు ప్రతి పది అడుగులకు ఒక సెకను, 40 మైళ్ల వేగం దాటితే ఇంకో సెకను ఎడం ఉంచాలి. 70 అడుగుల బండికి ఎనిమిది సెకన్లు. ఆ ఎడముంటే బ్రేకు మెల్లగా వేయొచ్చు. కదిలే బండిలో నిద్ర పట్టనివాళ్లు కొందరుంటారు, అది వాళ్ల తప్పు కాదు. మీ ఇద్దరిలో ఒకరికి ట్రైనింగ్‌లోనే ఆ సంగతి తేలితే, టీమ్ ఒప్పందం మీద సంతకం పెట్టకండి. నిద్రలేని డ్రైవరుతో టీమ్ నడపడం ప్రాణాపాయం.

ప్రశ్న: మైలుకు 80 సెంట్లంటున్నారు. మంచిదేనా? సొంత ట్రక్ లీజుకిస్తామనీ అంటున్నారు. (ఫ్రీమాంట్)

జవాబు: ఆ 80 బండికా, ఒక్కొక్కరికా అని రాతలో అడగండి. ఎక్కువగా బండికే, చెరిసగం. వారానికి బండి 5,000 మైళ్లు తిరిగితే ఇద్దరికీ కలిపి 4,000 డాలర్లు, పన్నులకు ముందు. మైళ్లు తగ్గిన వారానికి కనీస జీతం ఎంత, లోడు కోసం డాక్ దగ్గర ఆగిన గంటలకు ఏమిస్తారు అన్నవీ రాయించుకోండి. హజ్‌మాట్ ఎండార్స్‌మెంట్ (ప్రమాదకర సరుకు మోసేందుకు లైసెన్సు మీద వేసే అదనపు అనుమతి) ఉంటే టీమ్ లోడ్లు సులువుగా దొరుకుతాయి. దానికి వేలిముద్రలు, టీఎస్ఏ (ఫెడరల్ రవాణా భద్రతా సంస్థ) విచారణ ఉంటాయి.

కంపెనీయే బండి లీజుకిచ్చి, వాయిదాలు మీ జీతంలోంచి కోసుకునే లీజు-పర్చేజ్ జోలికి కొత్తవాళ్లు వెళ్లొద్దని మా గట్టి సలహా. వాయిదా పుచ్చుకునేదీ లోడ్లు ఇచ్చేదీ వాళ్లే, లోడ్లు తగ్గినా వాయిదా తగ్గదు. ఫెడరల్ ట్రక్ లీజింగ్ టాస్క్‌ఫోర్స్ 2025 జనవరిలో ఈ పద్ధతినే నిషేధించాలని సిఫారసు చేసింది. కనీసం ఒక ఏడాది కంపెనీ బండి మీద జీతానికి నడపండి.

ప్రశ్న: మేం శాకాహారులం. ట్రక్‌లో వంట సాధ్యమేనా? (ఎడిసన్)

జవాబు: బ్యాటరీకి నేరుగా బిగించిన 1,500 వాట్ల ఇన్వర్టర్ ఉంటే చిన్న రైస్ కుక్కర్, ఫ్రిజ్ హాయిగా నడుస్తాయి. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే చిన్న ఇన్వర్టర్‌తో కుక్కర్ పనిచేయదు, ఫ్యూజు పోతుంది. 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్వూ పెట్టకండి. కంపెనీ బండిలో ఇన్వర్టర్ బిగించడానికి ముందు అనుమతి అడగాలి. కుక్కర్ బండి ఆగినప్పుడే వాడండి. కందిపప్పు వేయించి ఇంటి నుంచే తీసుకెళ్తే బియ్యంతో కలిపి పులగంలా ఒకే గిన్నెలో ఉడుకుతుంది. పోపు మాత్రం ఇంట్లోనే వేసి సీసాలో పెట్టుకోండి. క్యాబిన్‌లో నూనె కాగితే పొగ పరుపులకు పట్టి వదలదు.