ఆయిల్ రేటు చూసి బ్రాంచి ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో చిన్న కమీషన్ వ్యాపారం. మా అబ్బాయి ఈఏపీసెట్ ర్యాంకుకి మెకానికల్, పెట్రోలియం రెండూ వచ్చేలా ఉన్నాయి. దుబాయ్‌లో ఉన్న మా బావమరిది "ఆయిల్‌కి మంచి రేటుంది, పెట్రోలియం చదివించు బావా, గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ" అంటున్నాడు. వెబ్ ఆప్షన్లకి నాలుగు రోజులే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మెకానికల్ ముందు పెట్టించండి. మీ బావమరిదిగారి మాటలో సగం నిజముంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

చమురు రేటు పెరిగితే గల్ఫ్‌లో ఉద్యోగాలు పెరుగుతాయి, నిజమే. కానీ అవి చమురు బావుల దగ్గర పుట్టేవి తక్కువ. మిర్చికి రేటున్న ఏడు కోత కూలీ నుంచి హమాలీ దాకా అందరి చేతికీ పని దొరకడం మీరు రోజూ చూసేదే. బావి అలా కాదు. తవ్వేదాకానే మనుషులు ఎక్కువ కావాలి, ఆ తర్వాత కొద్దిమందితోనే ఏళ్ల తరబడి నడుస్తుంది. డబ్బు మాత్రం ప్రభుత్వ ఖజానాకి చేరి, రోడ్లుగా, టవర్లుగా, మెట్రోలుగా బయటికొస్తుంది. మనవాళ్లకి పని దొరికేది అక్కడ: కన్‌స్ట్రక్షన్, ఎలక్ట్రికల్, ఏసీ, రవాణా, హోటళ్లు.

రేటు పడితే ముందు దెబ్బ తగిలేదీ వీళ్లకే. 2014 మధ్యలో బ్యారెల్ 110 డాలర్లు దాటి ఉంది. 2016 జనవరికి 30 లోపుకి వచ్చేసింది. సౌదీలో కాంట్రాక్టర్ల బిల్లులు ఆగాయి, జీతాలూ ఆగాయి. ఆ ఆగస్టులో వేలమంది మనవాళ్లు క్యాంపుల్లో చిక్కుకుంటే జెడ్డాలోని మన కాన్సులేట్ తిండి అందించాల్సి వచ్చింది. అప్పటి విదేశాంగ సహాయ మంత్రి వీకే సింగ్ స్వయంగా వెళ్లారు. అదే ఏడాది తెనాలి కుర్రాడొకడు విజయవాడలో నా దగ్గరికి వచ్చాడు, సౌదీలో సైట్ ఇంజనీరు. ఏడు నెలల టైమ్‌షీట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చాడు. అన్నిటి మీదా సూపర్‌వైజర్ సంతకాలున్నాయి. ఒక్క నెల జీతం కూడా రాలేదు. ఆ కవరు నేను మర్చిపోలేను.

ఇంకో సంగతి. చమురు, గ్యాసు డబ్బు వరదలా వస్తే దేశంలో మిగతా రంగాలు చిక్కిపోతాయి. నెదర్లాండ్స్‌లో 1959లో పెద్ద గ్యాసు నిల్వ బయటపడింది. తర్వాత కరెన్సీ బలపడి, అక్కడి ఫ్యాక్టరీల సరుకు విదేశాల్లో ఖరీదైపోయింది. 1977లో దానికి 'డచ్ డిసీజ్' (నెదర్లాండ్స్ జబ్బు) అని పేరొచ్చింది. నైజీరియాలోని కానోలో ఒకప్పుడు వేరుశెనగ బస్తాలు గోపురాల్లా పేర్చేవారు. కరువు, తెగులుకి తోడు 1970లలో చమురు డబ్బు వచ్చాక సేద్యాన్ని పట్టించుకునేవాళ్లు లేక అవీ కనుమరుగయ్యాయి. అలాంటి చోట చమురు రేటు పడిపోతే, ఉద్యోగం పోయినవాడికి దూకడానికి పక్క రంగం ఉండదు. మీ బావమరిదిగారున్న దుబాయ్ కాస్త నయం. సొంత చమురు చాలా తక్కువ కాబట్టి ఓడరేవులు, విమానాలు, పర్యాటకం మీద నిలబడింది.

పైగా మీ అబ్బాయి చదువు నాలుగేళ్లు. ఇవాళ్టి రేటు అప్పటికి ఉంటుందని ఎవరూ చెప్పలేరు. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ (ముందు నెలల సరుకుకి ఇప్పుడే కుదిరే బేరం) ధర మైనస్ 37 డాలర్ల దగ్గర ముగిసింది!

మెకానికల్ చదివితే చమురు తలుపు మూసుకుపోదు. మన రాజమండ్రిలోనూ ఉన్న ఓఎన్‌జీసీ మెకానికల్ వాళ్లనీ తీసుకుంటుంది. రిఫైనరీలో పంపులు, కంప్రెసర్లు, పైపింగ్ మెయింటెనెన్స్ నేర్చుకోమనండి. ముడి చమురు ధర ఎంతున్నా షట్‌డౌన్ పనులు, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు, ఎల్లకాలం వాయిదా వేస్తూ పోలేరు. రేపు గల్ఫ్ ఆఫర్ వస్తే అది ప్రాజెక్టు పనా, మెయింటెనెన్సా, బిల్లు కట్టే క్లయింటు ఎవరో అడగండి. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

మీ ఉత్తరంలో బావమరిదిగారి మాట ఉంది, మీ మాట ఉంది, అబ్బాయి మాట మాత్రం ఎక్కడా లేదండీ. ఈ రాత్రి అతణ్ణి కూర్చోబెట్టి అడగండి. రాతిపొరలు, భూగర్భం అంటే తనకే నిజంగా ఇష్టమని చెబితే పెట్రోలియమే ముందు పెట్టించండి, నేను అడ్డు చెప్పను.