లోపలి క్లిప్పులు: వైరు మార్చినా పన్ను తిరగడం లేదెందుకు?

ప్రశ్న: నా వయసు 24. మాది హన్మకొండ. పళ్లకు లోపలివైపు క్లిప్పులు పెట్టించుకుని ఆరు నెలలు దాటింది. పై వరుసలో కోరపన్ను పక్కనున్న ముందు పన్ను క్లిప్పు రెండుసార్లు ఊడింది. మళ్లీ అతికించి వైరు కూడా మార్చారు. కానీ ఆ పన్ను వంకర పోలేదు. వైరు కొస నాలుకకు గుచ్చుకుంటోంది. టెన్షన్‌గా ఉంది. బయటి క్లిప్పులకు మారిపోవాలా?

జవాబు: అంత తొందరేమీ వద్దు. నా అనుమానం వైరు మీద కన్నా ఊడిన క్లిప్పు మీదే. తిరిగి అతికించినప్పుడు అది మొదటి చోటే కూర్చుందా అన్నది ముందు తేలాలి.

పన్ను బయటివైపు దాదాపు నునుపుగా ఉంటుంది కాబట్టి అక్కడ డాక్టర్ కంటితో చూసుకుంటూ బ్రాకెట్ (పంటికి అతికే క్లిప్పు ముక్క) అతికించవచ్చు. లోపలివైపు అలా కుదరదు. ముందు పళ్ల వెనక చిగురు దగ్గర చిన్న బుడిపె, దాని కింద గుంట, ఆపైన ఏటవాలు. ఈ ఆకారం ఏ ఇద్దరికీ ఒకేలా ఉండదు. బ్రాకెట్ కాస్త పైకో కిందికో జరిగినా పన్ను ఎత్తుతో పాటు అది ముందుకో వెనక్కో వాలే కోణం కూడా మారిపోతుంది. అందుకే ల్యాబ్‌లో మీ పళ్ల అచ్చు మీద బ్రాకెట్ల చోటు ఖరారు చేసి, వాటిని అదే చోట నిలిపి ఉంచే ట్రేతో నోట్లో అతికిస్తారు. ఒక్క బ్రాకెట్ ఊడినా ఆ పంటి వరకు ట్రే ముక్కనో, ల్యాబ్ చేసిచ్చిన జిగ్‌నో (ఆ ఒక్క బ్రాకెట్‌ను సరైన చోట కూర్చోబెట్టే చిన్న అచ్చు) వాడాలి. 'నాకు జిగ్‌తోనే అతికించారా?' అని మీ డాక్టర్‌ను అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

ఇక వైరు సంగతి. లోపలి వరుస చుట్టుకొలత తక్కువ కాబట్టి బ్రాకెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. దాంతో అదే మందం వైరు ఇక్కడ ఎక్కువ బిరుసుగా పనిచేస్తుంది. వంకర పన్ను ఇంకా దారికి రాకముందే లావు వైరు నొక్కితే, క్లిప్పు ఊడుతుంది, లేదా వైరు బ్రాకెట్ గాడిలో సగమే దిగుతుంది. సగం దిగిన వైరు పన్నును పూర్తిగా తిప్పలేదు. చాలామందికి ఈ వైరు పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది. దాని మెట్టు వంపు కోరపన్నుకూ, దాని వెనక పన్నుకూ మధ్య పడాలి. అది పక్కకు జరిగినా వైరు సరిగ్గా కూర్చోదు. కొన్ని నెలలు సన్నని నైటైనాల్ (నికెల్, టైటానియం కలిసిన, బాగా వంగే లోహం) వైరుతోనే నడిపించడం ఆలస్యం కాదు. పెళ్లి ముహూర్తం చెప్పి తొందరపెట్టేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. పంటి చుట్టూ ఎముకకు ముహూర్తం తెలియదు కదా!

పదేపదే ఊడటానికి వేరే కారణాలూ ఉంటాయి. కింది పళ్లు పై బ్రాకెట్‌కు తగులుతున్నాయేమో చూపించుకోండి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లో పెరిగి పళ్ల మీద మచ్చలుంటే ఎనామెల్‌కు అంటు సరిగ్గా పట్టదు, ఆ మాట డాక్టర్‌కు చెప్పండి. సకినాలు, మక్క గారెలు కొన్నాళ్లు పక్కన పెట్టాల్సిందే.

గుచ్చుకునే కొసను నెయిల్ కట్టర్‌తో కత్తిరించకండి, ముక్క మింగే ప్రమాదం ఉంది. అపాయింట్‌మెంట్ దాకా క్లిప్పుల కోసం ఇచ్చే మైనం అద్ది, ఉప్పునీళ్లతో పుక్కిలించండి. రెండు వారాలైనా పుండు మానకపోతే చూపించుకోండి.

జిగ్‌తో మళ్లీ అతికించి, వైరు గాడి అడుగు దాకా దిగాక కూడా రెండు మూడు నెలల్లో కదలిక లేకపోతే, పన్ను తిరగడానికి చోటుందో లేదో ముందు చూడాలి. చోటు ఉంటే ఆ ఒక్క పన్నుకు బయటివైపు పంటి రంగు బటన్ (పన్నును లాగడానికి పట్టులా పనిచేసే చిన్న బుడిపె) అతికించి తిప్పవచ్చు. అప్పటికీ నోరంతా బయటి క్లిప్పులకు మారాల్సిన పని ఉండదు.