చెరువు మొక్కలు చూడబోయే ముందు

చి. శ్రావణికి ఆశీస్సులు.

హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువులో నీటి మొక్కల పేర్లు రాసుకొస్తానన్నావు. 2016లో ఆ చెరువును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. కాబట్టి నమూనాలు పీకి తేవాలంటే ముందు రాష్ట్ర జీవవైవిధ్య మండలిని అడుగు. వెళ్లేదేదో వానలు తగ్గాక, అక్టోబర్ నుంచి జనవరి లోపు వెళ్లు. ఎండాకాలంలో ఒడ్డున చాలావరకు బురదా, లొట్టపీసు పొదలే మిగులుతాయి. పొద్దున్నే బయల్దేరు. రాత్రి విచ్చే కలువలు ఎండెక్కాక ముడుచుకుంటాయి.

నీళ్లలో ఆకును నమ్మితే మునిగినట్టే. గుర్రపు డెక్కనే తీసుకో. విడిగా తేలేటప్పుడు కాడ బొద్దుగా ఉబ్బి ఉంటుంది, అది అందరికీ తెలుసు. కిక్కిరిసి పెరిగినచోట ఆ ఉబ్బు పోయి కాడ సన్నగా రెండు మూడు అడుగులు సాగుతుంది. అప్పుడు దాన్ని వరిమళ్లలో పెరిగే మొనోకోరియా అనుకుంటారు. పైకి లాగి చూడు: గుర్రపు డెక్క వేళ్లు నల్లగా, నిండా సన్నని పిల్లవేళ్లతో నీళ్లలో వేలాడతాయి. మొనోకోరియా బురదలో నాటుకుని ఉంటుంది. అయితే నీరు తగ్గిన ఒడ్డున గుర్రపు డెక్క కూడా బురదలో వేళ్లూనుతుంది, అందుకే నీళ్లలో ఉన్నదాన్నే లాగు. పూవుంటే పేచీ లేదు. ఊదారంగు రేకులు ఆరింట్లో పై రేకు మీద పసుపు మచ్చ ఉంటే గుర్రపు డెక్కే. ఏ మొక్కకైనా ముందు వేరు, తర్వాత కాడ, ఆఖర్న ఆకు చూడు.

తామరాకుకు కాడ నడిమధ్యన అతుక్కుంటుంది, అంచు ఎక్కడా చీలదు. కలువాకుకు అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటుంది. తామర లేతాకులు కూడా నీళ్ల మీదే పరుచుకుంటాయి కాబట్టి ఆకు పైకి లేచిందా లేదా అన్నది లెక్కలోకి తీసుకోకు. తుంగ కాండాన్ని వేళ్ల మధ్య దొర్లిస్తే సాధారణంగా మూడు పలకలు తగులుతాయి. గుండ్రంగా ఉండే తుంగలూ లేకపోలేదు, కానీ గడ్డికి ఉన్నట్టు వాటికి కణుపులు ఉబ్బి కనబడవు.

పొన్నగంటి దగ్గర జాగ్రత్త. దాని తెల్ల పూలగుత్తి కాడ లేకుండా ఆకు మొదట్లోనే అంటుకుని ఉంటుంది. గుత్తి పొడవాటి కాడ చివర నిలబడి, కాండం బోలుగా ఉంటే అది పొన్నగంటిని పోలిన వేరే మొక్క, ఆలిగేటర్ వీడ్. పేరు సరిగ్గా పట్టినా ఊరి చెరువుల్లోది కోసి వండకు. మురుగులోని లోహాలు ఆకులోకి చేరతాయి, కడిగితే పోవు. తూటికూరదీ అదే సంగతి.

మునిగి పెరిగేవి బయటికి తీస్తే ముద్దయిపోతాయి, ఏది ఏదో తెలీదు. తెల్ల ప్లాస్టిక్ టబ్బులో రెండంగుళాల నీళ్లు పోసి అందులో వదులు, పది రెట్ల భూతద్దంతో చూడు. కణుపు చుట్టూ నాలుగు నుంచి ఎనిమిది ఆకులు, అంచుల్లో రంపపు పళ్లు ఉంటే హైడ్రిల్లా. ఆకు రెండుగా, మళ్లీ రెండుగా చీలుతూ, అసలు వేళ్లే లేకపోతే సెరటోఫిల్లం. కారా కూడా కణుపులు చూపించి మోసం చేస్తుంది గానీ అది నాచు జాతి. నలిపితే గరగరలాడుతూ, పాడైన వెల్లుల్లి కంపు కొడుతుంది.

ఆరబెట్టడానికి మందపాటి కాగితాన్ని టబ్బులోనే మొక్క కిందికి జార్చి, ఒక మూల నుంచి మెల్లగా ఎత్తు, రెమ్మలు వాటంతటవే పరుచుకుంటాయి. పైన నూలుగుడ్డ, ఆపైన పాత పేపర్లు వేసి బరువు పెట్టు. పేపర్లు మొదటి వారం రోజూ మార్చకపోతే బూజు పడుతుంది. లావు కాడల్ని నిలువునా చీల్చి పెట్టు.

నీళ్లలోకి దిగకు. తాడుకు కట్టిన కొక్కెం విసిరి లాగితే చాలు. ఆ కొక్కెం, టబ్బు, బూట్లు ఆ ఒడ్డునే కడుగు. హైడ్రిల్లా కణుపు ఒక్కటి అంటుకొచ్చినా పక్క చెరువులో మొలుస్తుంది. అన్నీ ఎండలో బాగా ఆరాకే శామీర్‌పేట చెరువు వైపు వెళ్లు.

మీ పెదనాన్న